అన్నం మెతుకుతో అంటించిన దారాలు

మొన్న సోమవారం పొద్దున పప్పు నానబోస్తుంటే ఫోన్ మోగింది. సంగారెడ్డి నుంచి, మా ల్యాబ్ మేడం కిరాయికి ఉన్న ఇంటి యజమానురాలు. "మీ మేడం పొద్దున లేవలేదమ్మా. డాక్టరును పిలిచినం. నిద్రలనే పానం పోయిందన్నడు. ఆమె డైరీల మొదటి పేజీల మీ నంబరే ఉన్నది" అంది. నేను ఏదో అడిగాను, ఆమె ఏదో చెప్పింది. ఫోన్ పెట్టేసి వచ్చేసరికి గిన్నె నిండి నీళ్ళు గట్టు మీద పారుతున్నాయి. నల్లా కట్టేయనేలేదు.

మా ఆయన మొదటి షిఫ్టుకు బయలుదేరుతూ గడప దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు. విషయం చెప్పాను. ఎడమ కాలి బూటు చేతిలో పట్టుకుని దానివైపే చూస్తూ కూర్చుండిపోయాడు. కంపెనీ బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది.

ఆ కాలి సంగతి చెప్పకుండా మేడం గురించి చెప్పడం నాకు చేతకాదు. కాబట్టి అదే చెబుతాను.

పటాన్‌చెరులో మా గల్లీలో ఎదురింటి ముందు గదులు రెండింట్లో ఆమె ఒక్కతే ఉండేది. మా ఆయన పనిచేసేది కాజీపల్లి వైపు ఒక మందుల కంపెనీలో, రియాక్టర్ల దగ్గర. ఆమె కూడా ఆ కంపెనీలోనే, తయారైన మందు సరిగ్గా ఉందో లేదో పరీక్షించే ల్యాబ్‌లో. సొంతూరు సిద్దిపేట దగ్గర పల్లె. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని గల్లీలో అందరూ అడిగారు, ఎవరికీ జవాబు రాలేదు. చేతులు కడిగితే మోచేతుల దాకా కడిగేది. ఏ వస్తువు తెరిచినా దాని మీద తేదీ వేసేది. మా ఇంటి మామిడికాయ తొక్కు జాడీకి కూడా తేదీ చీటీ అంటించింది.

"గీ పిల్ల రేపో మాపో నా నొసట గూడ తేదీ రాస్తది" అనేది మా అత్తమ్మ.

"రాస్త గని పెద్దమ్మా, నీది ఎన్నటికి అయిపోయే సరుకు గాదు గద" అనేది ఆమె, నవ్వకుండా.

నేనూ లెక్క ప్రకారం నడిచే మనిషినే. గ్యాస్ బండ ఏ రోజు మార్చాం, ఎవరికి ఎన్ని డిగ్రీల జ్వరం వచ్చింది, మా ఆయనకు పరగడుపున షుగర్ ఎంత ఉంది, అన్నీ పుస్తకంలో రాసుకుంటాను. ఒకసారి ఆమె ఆ పుస్తకం తిరగేసి, "వదినా, నువ్వు మా ల్యాబ్‌ల ఉండాల్సిన మనిషివి. మా కాడ ఒకటే మాట. రాయకుంటె జరగనట్టే" అంది. నాకు ఎవరైనా ఇచ్చిన మెచ్చుకోళ్ళలో అంత పెద్దది ఇంకొకటి లేదు.

ఆరేళ్ళ కిందటి వానాకాలంలో మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి బూటు విప్పితే, మేజోడుతో పాటు మడమ తోలు ఊడి వచ్చింది. ఆవిరి పైపు నుంచి కారిన వేడినీళ్ళు బూటులోకి దిగాయి. అప్పటికి తొమ్మిదేళ్ళుగా షుగర్. పాదాలకు స్పర్శ ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు.

"మంట లేదే. ఏం గాలె" అన్నాడు.

మంట లేకపోవడమే భయపడవలసిన సంగతి అని నాకప్పుడు తెలియదు.

సర్జన్ చూసి మందులు రాశాడు. కాలు నేల మీద పెట్టొద్దన్నాడు. సీసాలో ఇచ్చిన సెలైన్ నీళ్ళతో మాత్రమే కడిగి, రోజూ కట్టు మార్చమన్నాడు. నేను కొత్త పుస్తకం మొదలుపెట్టాను. కట్టు విప్పినప్పుడు పుండుకు తగలకుండా పైన దారం పట్టి, పొడవు ఎంతుందో అంతకు కత్తిరించేదాన్ని. దాన్ని అన్నం మెతుకుతో ఆ రోజు పేజీలో అంటించేదాన్ని. పొడవుకు ఎర్రదారం, వెడల్పుకు తెల్లదారం. తొమ్మిది రోజుల్లో తొమ్మిది జతలు. రోజుకు కొంచెం, కొంచెం పొట్టివవుతూ వచ్చాయి.

ఆమె డ్యూటీ నుంచి రాగానే ముందు ఆ పుస్తకమే అడిగేది. ఒకరోజు నేను అడిగాను, ఆ దారం పొట్టిదయ్యేటప్పుడు లోపల ఏం జరుగుతుందని. ఆమె అరుగు మీద కూర్చుని చెప్పింది. చదువుకునే రోజుల్లో కప్ప తోలు మీద పనిచేసిందట.

"మురికి కుంటల బతుకుతది కప్ప. దెబ్బ తగిలినా పుండు కుళ్ళది. ఎందుకంటె దాని తోలే మందు చేసుకుంటది. మన తోలు గూడ అంతే వదినా. పెప్టైడ్లంటరు. ప్రొటీను పెద్ద పూసల దండ అనుకో, ఇవి ఇరవై ముప్పై పూసల చిన్న తునకలు. తోలు తెగంగనే అక్కడి కణాలు వీటిని వదులుతయి. ఇవి పోయి సూక్ష్మక్రిముల పైపొరకు బొక్కలు పెడతయి. ఒక్క చంపుడే గాదు. చుట్టున్న కణాలకు కబురు పెడతయి. రాండ్రి, ఈ సందు మూయాలె అని. అప్పుడు అంచుల నుంచి కొత్త తోలు నడిమికి పాకుతది. షుగర్ ఉన్నోళ్ళ పుండ్లల్ల ఇవి సరిపోనన్ని తయారుగావు. అందుకే ఆలస్యం. తోలుకు తెలివి ఉంటది, మనం జెర ఆగాలె."

"అంటె నా కొడుకు కప్ప కన్న అధ్వానమా బిడ్డా?" అంది అత్తమ్మ లోపలి నుంచి.

"కప్పకు షుగర్ లేదు పెద్దమ్మా. నీ కొడుకు లెక్క జిలేబీలు తినదు" అంది ఆమె. మా ఆయన మంచం మీద నుంచి నవ్వడం ఆ వారంలో అదే మొదలు.

పదో రోజు మా ఆయనతో పనిచేసే ఒకతను చూడడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ చిన్న పాలిథిన్ కవరు దిండు కింద పెట్టిపోయాడు. లేత పసుపు పొడి. కంపెనీలో డ్రమ్ములకు డ్రమ్ములు తయారయ్యే యాంటీబయాటిక్. గోలీ కాకముందు సరుకు. మా ఫ్యాక్టరీల బెల్టులో ఇది కొత్త కాదు. గేటు దగ్గర వెతికినా మేజోళ్ళలో, టిఫిన్ డబ్బాల్లో చిటికెడు చిటికెడు ఇళ్ళకు వచ్చేది. కోసుకున్నా, కాలినా, కురుపు లేచినా అదే చల్లేవాళ్ళు.

"దేశానికంత మందు మనమే పంపుతున్నం. మన కాలుకు చిటికెడు చల్లుకుంటె తప్పా?" అన్నాడు మా ఆయన.

నాకు కూడా ఆ మాట నచ్చింది. గోలీలో ఉండేది కొంచెమే, ఇది మొత్తం మందే కదా అనుకున్నాను. చల్లే ముందు పుండు బాగా శుభ్రం కావాలని మెడికల్ షాపులో నురగ వచ్చే మందునీళ్ళు కూడా తెచ్చాను. పోస్తే బుసబుసమని తెల్లగా పొంగేది. పొంగితే పనిచేస్తున్నట్టే అని నా నమ్మకం. తడి లేకుండా తుడిచి, పైన పొడి చల్లేదాన్ని.

అన్నీ రాసే నేను ఆ రెండూ పుస్తకంలో రాయలేదు. నురగనీళ్ళు రాస్తే పొడి సంగతి వస్తుంది. పొడి రాస్తే దొంగతనం రాసినట్టే. ఆ పుస్తకం రోజూ చూసేది అదే కంపెనీ మనిషి. కవరును పూజగూట్లో పసుపు డబ్బా వెనక దాచాను.

పదో రోజు దారం, పదకొండో రోజు దారం ఒకటే పొడవు. పన్నెండు, పదమూడు కూడా అంతే. నేను ఇంకా గట్టిగా కడిగాను. ఇరవయ్యో రోజుకు అంచులు నల్లబడి వాసన వచ్చింది. పొడి ఆనవాలు లేకుండా కడిగి ఆస్పత్రికి తీసుకుపోయాను. సర్జన్ చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"రెండు వారాలు చూస్తాను. ఇట్లాగే ఉంటే ఎముకలోకి దిగుతుంది. అప్పుడు పాదం తీయాల్సిందే. ఆలస్యం చేస్తే మోకాలి దాకా."

రియాక్టరు దగ్గర రోజుకు వంద మెట్లు ఎక్కి దిగే మనిషి ఆయన. నాకు వేరే ఆలోచన రాలేదు. కంపెనీలో ఒక చిన్న పరిశోధన గది ఉందని, అక్కడ కప్ప తోలులోని తునక లాంటిది తయారుచేసి చూస్తున్నారని, దాని సీసా ఫ్రిజ్‌లో ఉందని ఆమె ఎప్పుడో మాటల్లో చెప్పింది. గడువులో మూడో రోజు పొద్దున, బస్సు కోసం నిలబడ్డ ఆమె దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాను.

"ఆ సీసాల నుంచి ఒక్క చుక్క తెచ్చియ్యి మేడం. ఎవ్వరికి చెప్ప."

ఆమె తల అడ్డంగా ఊపింది. "అది మందు గాదు వదినా. ఇంకా కాలె. ఎలుకల మీద గూడ సరిగ్గ చూడలేదు. పాళ్ళు ఎక్కువైతే మంచి కణాలను గూడ చంపుతది. అన్న కాలు మీద చూడమంటవా?"

"ఎట్లాగూ పోయే కాలే గద."

"పోతదని ఎవరన్నరు? ఇంక పదకొండు రోజులున్నయి."

"మీకేం మేడం. మీ కాలు పోతలేదు గద" అన్నాను.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. మామూలుగా కిటికీలోంచి చెయ్యి ఊపేది, ఆ రోజు ఊపలేదు. తర్వాత మూడు రోజులు ఆమె వచ్చే వేళకు నేను తలుపు మూసి ఉంచాను.

ఆరో రోజు ఆదివారం. ఆమె తలుపు తోసుకుని వచ్చింది. "పుస్తకం చూపియ్యి" అంది. ఇవ్వక తప్పలేదు. రోజూ ఆనాటి పేజీ ఒక్కటే చూసేది, ఆ రోజు నేల మీద కూర్చుని మొదటి పేజీ నుంచి తిప్పింది. తొమ్మిది పేజీలు మెట్లలా దిగిన దారాలు, పదో పేజీ నుంచి చదునుగా ఆగిపోయాయి. ఆమె వేలు పదో పేజీ మీద ఆగింది.

"ఈ రోజు ఏం మారింది వదినా?"

"ఏం మారలే."

"తిండి?"

"అదే."

"గోలీలు?"

"అవే."

"కడిగేది?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. ఆమె లేచి మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి, కట్టు విప్పింది. పుండు చుట్టూ పొడి పసుపుపచ్చగా చెక్కు కట్టి ఉంది. రోజూ ఆ సరుకును తూకం వేసి పరీక్షించే మనిషి. ఆమెకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆమె ఒక్క కాగితం రాసి పంపితే మా ఆయన ఉద్యోగం ఆ రోజుతో సరి. నేను నిజం చెప్పకపోతే కాలు పోతుంది.

ఆమె కేకలు వేయలేదు. పుస్తకం, పెన్ను నా ముందు పెట్టింది.

"రాయకుంటె జరగనట్టే అని నీకు నేనే చెప్పిన. అది మా పేపర్లకు చెల్లుతది. కాలుకు చెల్లదు."

నేను లేచి పూజగూటి దగ్గరికి పోయాను. పసుపు డబ్బా వెనక నుంచి కవరు తీసి ఆమె ముందు పెట్టాను. నురగనీళ్ళ సీసా కూడా. తర్వాత పదో పేజీలో, దారాల కింద, రెండింటి పేర్లూ రాశాను. నా దస్తూరీ అంత వంకరగా ఇంకెక్కడా లేదు.

ఆమె కవరు ఎత్తి వెలుతురులో చూసింది. "క్రిములు చచ్చినయో లేదో గని, కొత్త తోలు మాత్రం చచ్చింది వదినా. ముడి పొడి, పైనుంచి రోజు నురగ. మందు చేసే కణాలు పాకొస్తుంటె పొద్దు పొద్దున మనమే కాల్చి కడిగి పారబోసినం."

మనమే అంది. మీరు అనలేదు. ఆ మాట నేను ఈ రోజుకూ మరిచిపోలేదు.

మా ఆయన వైపు తిరిగి మాత్రం గొంతు మార్చింది. "అన్నా, ఇంకొక్క చిటికెడు ఈ ఇంట్లకు వచ్చిందో, గేటు కాడ నేనే నిలబడి చెప్త. చెల్లె లెక్క చెప్తున్న."

"ఇగ రాదు" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

కవరును మోరీలో పారబోస్తానంటే వద్దంది. "మోరీల నుంచి చెరువులకు పోతది. అక్కడి క్రిములన్ని దీనికి అలవాటుపడితె, రేపు ఎవరి పుండుకు ఏ గోలీ పనిచెయ్యది." దాన్ని తన టిఫిన్ డబ్బా అడుగున పెట్టుకుంది. కంపెనీలో పనికిరాని సరుకు కాల్చే కొలిమి ఉంది, అందులో వేస్తానంది.

"గేటు కాడ పట్టుకుంటె?" అన్నాను.

"బయటికి పోయేటోళ్ళనే వెతుకుతరు. లోపలికి పోయేటోళ్ళను వెతకరు" అంది. డబ్బా మూత పెట్టి, సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూసింది.

సోమవారం సాయంత్రం బస్సు వచ్చే వేళకు ముందే పోయి నిలబడ్డాను. ఆమె దిగి, నా వైపు చూసి, ఖాళీ టిఫిన్ డబ్బా ఒకసారి ఊపింది. అంతే. బట్టలు కూడా మార్చుకోకుండా మాతో ఆస్పత్రికి వచ్చింది. సర్జన్‌కు మొత్తం చెప్పాల్సింది నేనే అంది. చెప్పాను. ఆయన బల్ల మీద పెన్ను పారేశాడు. "ఇంట్లో ఫ్యాక్టరీ పెట్టారా అమ్మా?" అని అరిచాడు. తర్వాత నల్లబడ్డ అంచులు కోసి తీశాడు. చీము తీసి పరీక్షకు పంపాడు. మళ్ళీ సెలైన్ నీళ్ళు, తడి ఆరిపోని కట్టు, కాలు నేలకు తగలకూడదు.

మంగళవారం దారం పట్టి చూస్తే ముందటి కంటే పొడుగ్గా ఉంది. కోసి తీశారు కాబట్టి పెరుగుతుందని ముందే చెప్పారు. అయినా నా చేతులతో దాన్ని అంటించలేకపోయాను. ఆమె అన్నం మెతుకు నలిపి తనే అంటించింది. "పెరిగితె గూడ రాయాలె" అంది. బుధవారం అంతే. గురువారం అంతే. శుక్రవారం కట్టు విప్పేటప్పుడు పుండు తడిగా ఉంది. తుడవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆ తడిలనే ఉంటయి మన మందులు. చీము గాదు, వాసన లేదు. దాన్ని ఉండనియ్యి."

ఏమీ చేయకుండా ఉండడం నాకు ఎప్పుడూ రాదు. అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

శనివారం ఎర్రదారం కత్తిరించి శుక్రవారం దారం పక్కన పెట్టాను. అర బియ్యపు గింజంత తేడా. నమ్మకం కుదరక మళ్ళీ పట్టాను. మూడోసారి అత్తమ్మను పిలిచి చూడమన్నాను.

"నాకు సూపు ఆనది గని, నీ మొఖం సూస్తె తెలుస్తుంది" అంది అత్తమ్మ.

ఆదివారం ఇంకో అర గింజ. సోమవారం గడువు. సర్జన్ కట్టు విప్పి, టార్చి వేసి, మడమను అటూ ఇటూ తిప్పాడు. అంచుల్లో లేత గులాబీ రంగు గీత ఒకటి కనబడుతోంది. మా పుస్తకం తీసుకుని చివరి మూడు పేజీలు చూశాడు. "ఇంకో వారం చూద్దాం" అన్నాడు.

నేను ఆమె వైపు చూశాను. ఆమె తన చేతులు చూసుకుంటోంది. ఆ తర్వాత ఇంకో వారం, ఇంకో వారం. పూర్తిగా మూసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. పుస్తకంలో చివరి దారం నువ్వుగింజంత. దాన్ని అంటించడానికి మెతుకులో సగం కూడా పట్టలేదు.

తోలు వదిలే ఆ పెప్టైడే నయం చేసిందా, సర్జన్ కోతా, గోలీలా, కాలు ఎత్తిపెట్టడమా అని తర్వాత ఒకసారి ఆమెను అడిగాను. "తెల్వదు. అన్ని గలిసి. తెల్వనిది తెల్వదని రాసుకో" అంది. నేను అట్లాగే రాసుకున్నాను. ఆ పరిశోధన గదిని కంపెనీ మూసేసింది. సీసా సంగతి అడిగితే, "అది మందు గావొచ్చు ఎన్నడన్నా. నేను చూస్తనో లేదో" అంది. మాట తేలిగ్గానే అంది గాని, ఆ సాయంత్రం చాయ్ సగమే తాగింది.

ఆ పొద్దున కంపెనీ బస్సు దగ్గర నేనన్న మాటకు క్షమాపణ అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమె సంగారెడ్డికి ఇల్లు మారుతున్న రోజు, సామాను ఎక్కుతుంటే మొదలుపెట్టాను. "ఆ రోజు నేను ఆ మాట..." అన్నాను.

"పుస్తకంల రాసినవా?"

"లేదు."

"ఇగ జరగనట్టే."

"కాలుకు చెల్లదంటివి గద!"

"కాలుకు చెల్లదు. మాటకు చెల్లుతది" అని నవ్వి, మా తొక్కు జాడీ చీటీ మీద తేదీ ఒకసారి చూసి, "ఇది మార్చు వదినా, పాతదైంది" అని వ్యాన్ ఎక్కింది. తర్వాత కూడా నెలకొకసారి ఫోన్ చేసేది. బాగున్నవా అని అడిగేది కాదు. "అన్న పొద్దున పాదాలు చూసుకుంటున్నడా?" అని అడిగేది. అద్దం నేల మీద పెట్టి అరికాళ్ళు చూసుకోవడం ఆయనకు నేర్పింది ఆమే. అత్తమ్మ పోయినప్పుడు వచ్చి పదకొండు రోజులు ఉండి వెళ్ళింది.

మొన్న సోమవారం ఫోన్ వచ్చాక మేము సంగారెడ్డి వెళ్ళేసరికి సిద్దిపేట నుంచి ఆమె అన్న వచ్చి ఉన్నాడు. పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు. పాడె మోయడానికి ఇంటివాళ్ళ కొడుకు, ల్యాబ్‌లో ఆమెతో పనిచేసినవాళ్ళు ఇద్దరు, మొత్తం ముగ్గురే ఉన్నారు. మా ఆయన చెప్పులు విడిచి నాలుగో భుజం పెట్టాడు. వద్దని నా నోటిదాకా వచ్చింది. ఆ కాలు చెప్పు లేకుండా నేల మీద పెట్టొద్దని చెప్పినదీ ఆమే. దారంతా కంకర. ఆయన నా వైపు చూడలేదు. గల్లీ మలుపు తిరిగేదాకా నేను ఆయన ఎడమ మడమనే చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వచ్చాక బయట బకెట్టు దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. నేను వంగి మడమ ఎత్తి చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆయన లోపలికి నడిచాడు. ఆమె గది ముందు షాబాదు బండల మీద తడి అడుగులు పడ్డాయి. ఎడమ మడమ అచ్చులో, తోలు కొంచెం లోపలికి ముడుచుకున్న చోట, బియ్యపు గింజంత బండ తడవకుండా ఉంది. ఎండ ఎక్కువగా ఉంది. చూస్తుండగానే ఆ తడి అచ్చు ఆరసాగింది, అంచుల నుంచి నడిమికి, కొంచెం, కొంచెంగా.